గోధుమ బీరుకు దేశీ రూపం: మాల్టు గింజ సమస్య

జర్మనీ పద్ధతిలో తయారయ్యే గోధుమ బీరుకు సాటి రాగల దేశీ బీరు ఏదన్న ప్రశ్న దశాబ్ద కాలంగా నగరాల్లో వినిపిస్తూనే ఉంది. దానికి సమాధానం చెబుతున్నవారు ఎక్కువగా తాగేవారు, అమ్మేవారు. వ్యవసాయ శాస్త్రవేత్త ఈ చర్చలో అరుదుగా కనిపిస్తాడు. మద్యం మాట వచ్చిన చోట విస్తరణ విభాగం మౌనం వహించడం సహజమే. అయినా ఈ బీరు గుణం చాలా వరకు గింజలోని మాంసకృత్తుల మీద, మొలక శాతం మీద, పొట్టు మీద ఆధారపడి ఉన్నది గనుక గింజ గురించి తెలిసినవారు కూడా ఈ ప్రశ్నను ఒకసారి పరిశీలించవలసి ఉంది. అనకాపల్లి జిల్లా నక్కపల్లి వంటి తీర మండలం నుంచి చూసినప్పుడు ప్రశ్న రూపమే మారుతుంది. అక్కడి శీతకాలం గోధుమకు చాలదు, బార్లీకీ చాలదు. ఆ పరిసరాల మెట్ట రైతుకు తెలిసిన మాల్టు గింజ చోడి ఒక్కటే.

బవేరియాలో దీనిని ‘వైస్‌బీర్’ అంటారు. ఈస్టుతో సహా, వడకట్టకుండా ఇచ్చినప్పుడు ‘హెఫెవైజెన్’ అంటారు. వాడే మాల్టులో కనీసం సగం గోధుమ మాల్టు ఉండాలి. మిగిలినది సాధారణంగా బార్లీ మాల్టు. సుమారు 17 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య, పైకి తేలే రకం ఈస్టుతో పులియబెడతారు. ఈ బీరుకు పేరు తెచ్చిన వాసనలు రెండు: అరటిపండు, లవంగం. ఈ రెంటిలో దేనినీ బయటి నుంచి కలపరు. అరటి వాసన ఈస్టు తయారుచేసే ఐసోఅమైల్ అసిటేట్ వల్ల వస్తుంది. లవంగపు వాసన కథ మరింత ఆసక్తికరమైనది. గింజ పొరల గోడల్లో ఫెరూలిక్ ఆమ్లం బంధితమై ఉంటుంది. మాల్టు పిండిని 43–45 డిగ్రీల వేడినీటిలో కొంతసేపు నిలిపినప్పుడు మాల్టులోని ఎంజైములు ఆ ఆమ్లాన్ని విడిపిస్తాయి. తరువాత ఈస్టు దానిని 4-వినైల్ గ్వాయకోల్‌గా మారుస్తుంది. అంటే రుచిలో సగం గింజ ఇస్తుంది, సగం ఈస్టు ఇస్తుంది, ఆ రెంటికీ అవకాశం కల్పించేది మొలకెత్తించే విధానం. గోధుమలోని అధిక మాంసకృత్తుల వల్ల మబ్బుదనం, చిక్కటి నురుగు ఏర్పడతాయి.

ఈ బీరు చరిత్రలో వ్యవసాయ విద్యార్థి గమనించవలసిన విషయం ఒకటి ఉంది. 1516లో బవేరియా పాలకులు బీరుకు బార్లీ, హాప్స్, నీరు మాత్రమే వాడాలని శాసనం చేశారు. రొట్టెకు వాడే గోధుమను, రైని బీరు తయారీదారుల పోటీ నుంచి కాపాడడం అందులో ఒక ఉద్దేశమని చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. అయితే గోధుమ బీరు ఆగిపోలేదు. డెగెన్‌బర్గ్ వంశానికి దానిని కాచే ప్రత్యేక హక్కు దక్కింది. 1602లో ఆ వంశం అంతరించగానే మొదటి మాక్సిమిలియన్ ఆ హక్కును స్వాధీనం చేసుకొని రాజ ఖజానాకు పెద్ద ఆదాయంగా మలచుకున్నాడు. 1872లో గెయోర్గ్ ష్నైడర్ అనే బీరు తయారీదారు ఆ హక్కును సంపాదించిన తరువాతనే అది మళ్లీ సామాన్య వ్యాపారుల చేతికి వచ్చింది. తిండి గింజను పానీయానికి మళ్లించవచ్చునా అన్న వివాదం ఐదు శతాబ్దాల పాతది. దానిని చివరకు తేల్చినది నీతి చర్చ కన్నా ఎక్కువగా పన్ను, ప్రత్యేక హక్కు.

ఇక దేశీ బీర్ల సంగతి. 2015లో వచ్చిన బిరా 91 వైట్ భారతీయులకు గోధుమ బీరును విస్తృతంగా పరిచయం చేసింది. మొదట్లో అది బెల్జియంలో తయారై ఇక్కడికి వచ్చేది. తరువాత సింబా విట్, కింగ్‌ఫిషర్ అల్ట్రా విట్‌బియర్ వంటివి వచ్చాయి. పేర్లే చెబుతున్నట్లు ఇవి ఎక్కువగా బెల్జియం ‘విట్’ పద్ధతికి దగ్గరివి. ఆ పద్ధతిలో వాసనకు ధనియాలు, నారింజ తొక్క వాడతారు. అంతకన్నా ముఖ్యం, సంప్రదాయ బెల్జియం పద్ధతిలో గోధుమను మొలకెత్తించకుండానే వాడతారు. మార్కెట్లో దొరికే ఏ గోధుమతోనైనా, మాల్టు గదితో పని లేకుండా, సుగంధ ద్రవ్యాల సాయంతో ఒక నమ్మదగిన పానీయం తయారవుతుంది. సీసాల్లో అమ్ముడయ్యే దేశీ గోధుమ బీరు బవేరియా వైపు గాక బెల్జియం వైపు ఒరగడానికి ఇక్కడి వినియోగదారుల అభిరుచిని కారణంగా చూపుతారు. అభిరుచి కొంత నిజమే కావచ్చు. ధనియాల వాసన భారతీయులకు కొత్త కాదు. కాని బవేరియా పద్ధతికి కావలసిన మంచి గోధుమ మాల్టు దేశంలో సులభంగా దొరకకపోవడం అంతకన్నా బలమైన కారణంగా తోస్తుంది.

బవేరియా రుచికి దగ్గరైన దేశీ బీరు కావాలనుకునేవారు ప్రస్తుతానికి సీసాను వదలి, తయారైన చోటనే పోసే మైక్రోబ్రూవరీ వైపు చూడడం మేలు. 2010లో బెంగళూరులో మొదలైన టాయిట్ వారి ‘వైస్’ ఈ కోవకు చెందినది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నియమావళి తెచ్చాక హైదరాబాదులోనూ ఇటువంటివి వెలిశాయి. తాజాదనమే వీటి బలం. అరటి వాసన వేడికి త్వరగా తగ్గిపోతుంది. సముద్రం దాటి నెలల తరబడి ప్రయాణించి, ఎండలో లారీ ఎక్కి, వెచ్చని గోదాములో నిలిచిన అసలు జర్మన్ సీసా కన్నా నిన్న మొన్న పులిసిన స్థానిక బీరు ఎన్నో విధాల మేలైనది. అయినా ఈ స్థానికతకు ఒక హద్దు ఉంది. ఇటువంటి చోట్ల ప్రత్యేక మాల్టులు, హాప్స్, ఈస్టు దిగుమతి చేసుకోవడం మామూలు. నీరు ఇక్కడిది, శ్రమ ఇక్కడిది, గింజ మాత్రం పరాయిది.

పది కోట్ల టన్నులకు పైగా గోధుమ పండించే దేశానికి గోధుమ మాల్టు కొరత ఎందుకు? ఇక్కడి గోధుమ వంగడాలను చపాతీ కోసం, దిగుబడి కోసం, తుప్పు తెగులు తట్టుకునే శక్తి కోసం ఎంపిక చేశారు. మాల్టుకు కావలసినది మెత్తని గింజ, మితమైన మాంసకృత్తులు, ఒకే వేగంతో మొలకెత్తే గుణం. మాంసకృత్తులు మితిమీరితే పిండిపదార్థం తగ్గి, మాల్టు నుంచి వచ్చే సారం తగ్గుతుంది. ద్రవం జిగటగా మారి వడకట్టడం కష్టమవుతుంది. కొనుగోలు పద్ధతి కూడా ఈ సమస్యను పెంచుతోంది. మద్దతు ధరకు కొనే కేంద్రంలో తేమ చూస్తారు, చెత్త చూస్తారు, ముడుచుకున్న గింజలు, విరిగిన గింజలు చూస్తారు. గింజ ప్రాణంతో ఉన్నదా అని ఎవరూ చూడరు. పిండి మరకు ఆ ప్రశ్న అక్కరలేదు. మాల్టు గదికి అదే మొదటి ప్రశ్న.

బార్లీ విషయంలో ఈ లోపాన్ని కొంత సరిచేశారు. కర్నాల్‌లోని భారత గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ నుంచి మాల్టుకు తగిన రెండు వరుసల రకాలు వచ్చాయి. 2005లో రాజస్థాన్‌లో సాబ్‌మిల్లర్ సంస్థ ‘సాంఝీ ఉన్నతి’ పేరుతో రైతులకు విత్తనం, సలహా ఇచ్చి బార్లీ కొనే పథకం ప్రారంభించింది. విత్తనం నుంచి కొనుగోలు దాకా ఒకే గొలుసుగా కట్టినప్పుడే గింజకు నాణ్యతను బట్టి ధర పలుకుతుందని అక్కడి అనుభవం చెబుతోంది. గోధుమ మాల్టు కూడా ఎప్పటికైనా ఆ దారినే రావాలి. ఆ పని ఉత్తరాది రాష్ట్రాలది.

నక్కపల్లి వైపు మళ్లితే ముందుగా ఎదురయ్యే ఆకర్షణ బెల్లం. 1913 నుంచి చెరకు పరిశోధన సాగుతున్న అనకాపల్లిలో, బెల్లం మార్కెట్టుకు అంత పేరున్న ప్రాంతంలో, బెల్లం కలిపిన ‘స్థానిక’ గోధుమ బీరు ఆలోచన ఎవరికైనా తట్టవచ్చు. ఇది తప్పుదారి. బెల్లంలోని చక్కెర దాదాపు పూర్తిగా పులిసిపోయి ఆల్కహాలును పెంచుతుంది. నురుగునూ చిక్కదనాన్నీ ఇవ్వదు. గోధుమ బీరు అందమంతా ఆ చిక్కదనంలో ఉన్నప్పుడు దానిని పలుచన చేసి పైన ఊరి పేరు రాయడం వల్ల రైతుకు గాని తాగేవానికి గాని ఒరిగేది లేదు.

చోడి సంగతి వేరు. ఉత్తరాంధ్ర ఇళ్లలో చోడిని రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, రెండు రోజులు మొలకెత్తించి, ఆరబెట్టి, మొలక వేళ్లు నలిపి తీసి, పిండి కొట్టడం తరతరాలుగా తెలిసిన పని. మాల్టు తయారీకి శాస్త్రం చెప్పే దశలన్నీ ఇందులో ఉన్నాయి. బార్లీని మొలకెత్తించడానికి సుమారు 15 డిగ్రీల చల్లదనం కావాలి. చోడి 25–30 డిగ్రీల మధ్య హాయిగా మొలకెత్తుతుంది. బార్లీ మాల్టు గదికి నక్కపల్లిలో శీతలీకరణ యంత్రం కావలసి వస్తే, చోడి మాల్టు గదికి ఏడాదిలో చాలా నెలలు నీడ, గాలి, శుభ్రమైన నీరు చాలు. చిరుధాన్యాలన్నింటిలో మొలకెత్తినప్పుడు పిండిని చక్కెరగా మార్చే ఎంజైముల శక్తి చోడిలో మెరుగైనదని ప్రసిద్ధి. దాని గింజ పొరల్లో ఫెరూలిక్ ఆమ్లం కూడా పుష్కలం. లవంగపు వాసనకు మూలపదార్థం అదేనని పైన చెప్పడమైనది.

చిక్కులు లేకపోలేదు. చోడి పిండి ఉడికి మెత్తబడే ఉష్ణోగ్రత బార్లీ పిండికన్నా ఎక్కువ. పిండి విచ్చుకునే వేడికి చేరేలోగా చక్కెర చేసే ఎంజైములు చాలా వరకు నశిస్తాయి. దీనికి విరుగుడు ఉంది: మాల్టు పిండిని గోరువెచ్చని నీటిలో కలిపి, ఎంజైములు దిగిన పై తేటను వేరుగా తీసి ఉంచి, అడుగు ముద్దను ఉడికించి, చల్లార్చి, ఆ తేటను తిరిగి కలపడం. జొన్న మాల్టుకు వాడే ఈ పద్ధతి చోడికీ పనికివస్తుంది. ఎర్ర చోడి పైపొరలోని టానిన్లు ఎంజైములను కొంత అడ్డుకుంటాయి, వగరునిస్తాయి. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ‘హిమ’ వంటి తెల్ల చోడి రకాన్ని ఈ దృష్టితో పరీక్షించడం అవసరం. తెల్ల గింజకు బూజు బెడద ఎక్కువ కాబట్టి నానబెట్టిన నీటిని మార్చడంలో అశ్రద్ధ పనికిరాదు. చోడిలో గ్లూటెన్ లేదు, మాంసకృత్తులు దాదాపు 7 శాతమే. అందుచేత గోధుమ ఇచ్చే నురుగు ఇవ్వదు. గోధుమకూ చోడికీ వడపోతకు తోడ్పడే గట్టి పొట్టు లేదు. బార్లీ పొట్టు చేసే ఆ పనిని శుభ్రంగా కడిగిన వరి ఊక చేయగలదు. ఊక కోసం తీర మండలాల్లో దూరం వెళ్లనక్కరలేదు.

ఇన్ని చిక్కులు దాటి సాధించవలసినది బవేరియా నకలేనా అన్నది ఇక్కడ అడగవలసిన ప్రశ్న. జర్మనీలో మరొక గోధుమ బీరు ఉంది. బెర్లిన్ నగరపు ‘బెర్లినర్ వైస్సె’ను ఈస్టుతో పాటు లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాతో పులియబెడతారు. అది పుల్లగా, తేలికగా ఉంటుంది. ఆల్కహాలు 3 శాతం ప్రాంతంలో, అంటే సాధారణ బవేరియా గోధుమ బీరులో దాదాపు సగం. హాప్స్ అతి స్వల్పం. పుల్లదనం కలిగించే కొన్ని లాక్టిక్ బాక్టీరియాలు 35 నుంచి 45 డిగ్రీల వేడిలో చురుకుగా పనిచేస్తాయి. కోస్తా వేసవిని శత్రువుగా గాక పనిముట్టుగా వాడుకునే జర్మన్ పద్ధతి ఏదైనా ఉంటే అది ఇదే. రాత్రి కలిపి ఉదయం తాగే చోడి అంబలి పులుపుతో పెరిగిన నాలుకకు ఈ రుచిని పరిచయం చేయనక్కరలేదు. సగం గోధుమ మాల్టు, కొంత బార్లీ, కొంత చోడి మాల్టు కలిపి, ముందు లాక్టిక్ పులుపు, తరువాత ఈస్టు పని జరిపించిన పానీయం ఉత్తరాంధ్రకు తగిన గోధుమ బీరు కాగలదు. దానిని బెర్లిన్ పేరుతో అమ్మకూడదు. ఆ పేరు ఆ నగరానిది. చోడి పాలు సగం దాటితే గోధుమ బీరు అని కూడా అనకూడదు. చోడి బీరు అనడమే న్యాయం. నేపాల్, సిక్కిం కొండల్లో ఈ గింజతోనే చేసే తోంగ్బాను ఎవరూ గోధుమ పేరుతో పిలవరు. కొరాపుట్ గిరిజన గ్రామాల లాండాకూ అరువు పేరు అక్కరలేకపోయింది.

మబ్బుగా ఉన్న పానీయం పాడైపోయినదన్న అనుమానం తాటి కల్లు తెలిసిన ప్రాంతంలో అంతగా ఉండదు. వడకట్టని, ఈస్టు బతికి ఉన్న, దింపిన రోజునే తాగవలసిన కల్లు ఇక్కడి వారికి తెలుసు. హెఫెవైజెన్‌ను విదేశీ వింతగా వర్ణించే ప్రకటనలు ఈ సంగతిని మరచిపోతాయి.

అభ్యంతరాలు బలమైనవే. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం కృషి చేయాలని నిర్దేశిస్తుంది. మద్యం వల్ల చితికిన కుటుంబాలను విస్తరణ అధికారి ప్రతి గ్రామంలో చూస్తాడు. బీరు కోసం చోడి పండించమని రైతు సభలో చెప్పడం అతని పని కాదు, కాకూడదు కూడా. 2023 మార్చి నుంచి రాష్ట్ర పాఠశాలల్లో పిల్లలకు రాగి జావ ఇస్తున్నారు. 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్న గింజను పిల్లవాని గ్లాసు నుంచి తాగేవాని గ్లాసుకు మళ్లిస్తే 1516 నాటి బవేరియా వివాదం ఇక్కడ మళ్లీ మొదలవుతుంది, అదీ మరింత బలహీనుల మీద.

ఈ అభ్యంతరాల్లోనే ఒక మార్గమూ కనిపిస్తుంది. విశ్వవిద్యాలయం బీరు జోలికి పోనక్కరలేదు. మాల్టు దగ్గర ఆగితే చాలు. మొలకెత్తించిన చోడిలో జావ పలుచగా ఉంటూనే ఎక్కువ పోషణ ఇస్తుంది, సులభంగా జీర్ణమవుతుంది. అందుకే శిశువుల ఆహారంలో దానికి అంత స్థానం. శిశువు జావకైనా, పాఠశాల జావకైనా, లైసెన్సు ఉన్న బ్రూవరీకైనా కావలసిన తొలి గుణం ఒక్కటే, సమంగా మొలకెత్తిన గింజ. బ్రూవరీ ఇచ్చే అధిక ధర ఆ ప్రమాణాన్ని నెలకొల్పడానికి తోడ్పడితే, లాభపడే వారిలో బీరు ముట్టనివారే ఎక్కువ ఉంటారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం వైహెన్‌స్టెఫాన్ ప్రాంగణంలో వ్యవసాయ శాస్త్రాలు, ఆహార శాస్త్రం, బీరు తయారీ శాస్త్రం పక్కపక్కనే బోధిస్తారు. గోధుమ బీరుకు ప్రపంచమంతటా వాడే డబ్ల్యూ-68 ఈస్టు రకం ఆ ప్రాంగణపు సేకరణ నుంచే వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో బీరు శాఖ కోరడం అతిశయోక్తి అవుతుంది. మాల్టు తయారీని పంటకోత అనంతర సాంకేతికతలో ఒక ప్రయోగ పాఠంగా బాపట్లలోనో అనకాపల్లిలోనో నేర్పడం అతిశయోక్తి కాదు.

పనిలో మొదటి మెట్టు చాలా సాదాసీదాది. ధ్రువీకృత చోడి విత్తనానికి కనీస మొలక శాతం 75. మాల్టు బార్లీకి పరిశ్రమ కోరేది 95 లేదా ఆపైన. అంటే విత్తనంగా ఉత్తీర్ణమైన చోడి మాల్టుగా తప్పవచ్చు. మొలకెత్తని ప్రతి నాలుగో గింజ మూటలో బూజుకు ఆశ్రయమవుతుంది, పిండిలో మారని పిండిగానే మిగిలిపోతుంది. చోడి ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా నిలుస్తుందని రైతులు గర్వంగా చెబుతారు. తినడానికి నిలవడం వేరు, మొలకెత్తే శక్తి నిలవడం వేరు. నక్కపల్లి తీరపు తేమగాలిలో, రేకుల కప్పు కింద, గోనె సంచిలో వేసవి గడిపిన చోడి చూపుకు బాగానే ఉంటుంది. కోతలో రకాలు కలిసిపోకుండా చూడడం, నూర్చిన గింజను 10–12 శాతం తేమకు ఆరబెట్టడం, తేమ చొరని సంచుల్లో నిల్వ చేయడం, 100 గింజలను తడి గుడ్డలో చుట్టి మూడో రోజున లెక్కించడం, వీటిలో ఏదీ రైతు ఉత్పత్తిదారుల సంఘం శక్తికి మించినది కాదు. ఆ లెక్క కోత ముగిసిన వెంటనే ఒకసారి, వేసవి దాటి జూన్‌లో మరొకసారి తీసి సంచి మీద రాస్తే, కొనేవాడు జావ మిల్లు వాడైనా బ్రూవరీ వాడైనా బేరం ఆ అంకె దగ్గర మొదలవుతుంది.